మాస్టర్ ప్లాన్ నుంచి పక్కింటి అపార్ట్‌మెంట్ దాకా: పురపాలక నిర్ణయాల్లో మీ మాట ఫైలుకెక్కించడం ఎలా

కామారెడ్డి పురపాలక సంఘం 2022 నవంబరులో తన ముసాయిదా మాస్టర్ ప్లాన్‌ను (పట్టణంలో ఏ భూమిని దేనికి వాడాలో చూపే ప్రణాళిక) ప్రకటించి, అభ్యంతరాలు చెప్పుకోవడానికి 2023 జనవరి 11 వరకు గడువు ఇచ్చింది. పట్టణంలో విలీనమైన గ్రామాల రైతుల పొలాలు ఆ పటంలో ఇండస్ట్రియల్ జోన్‌లోనూ, ప్రతిపాదిత రోడ్ల కిందా పడ్డాయి. ఒక రైతు ఆత్మహత్య చేసుకోవడం, కలెక్టరేట్ ముట్టడి, పట్టణ బంద్, హైకోర్టులో పిటిషన్ అన్నీ జనవరి మొదటి రోజుల్లోనే ఒకదాని వెంట ఒకటి జరిగాయి. అంటే నిరసన ఉధృతమయ్యేసరికి గడువు ముగియడానికి వారం రోజులు కూడా మిగల్లేదు. చివరకు జనవరి 20న పాలకవర్గం అత్యవసరంగా సమావేశమై ముసాయిదాను రద్దు చేస్తున్నట్టు ఏకగ్రీవంగా తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే తరహా ముసాయిదాపై అదే తరహా తీర్మానం వచ్చింది.

ఆ తీర్మానం ఉద్యమం వల్లే వచ్చిందన్నది కాదనలేని విషయం. అయితే ప్రతి పట్టణంలోనూ అంతటి ఉద్యమం పుట్టదు, ఒక ప్రాణం పోయాక గాని పటం మారని పరిస్థితి ఎవరూ కోరుకునేదీ కాదు. రోడ్డు మీద చెప్పిన మాట రోడ్డు మీదే ఉండిపోతుంది. సర్వే నంబరుతో, తేదీతో, ఇన్‌వర్డ్ ముద్రతో ఇచ్చిన కాగితం మాత్రం ఫైలులో చేరుతుంది. ఆ తర్వాత దాన్ని పట్టించుకోలేదని అడగడానికి మీకు ఒక ఆధారం మిగులుతుంది. మాస్టర్ ప్లాన్ విషయంలో, లేఅవుట్ విషయంలో, మీ వీధిలో లేస్తున్న అపార్ట్‌మెంట్ విషయంలో ఆ కాగితాన్ని ఎలా తయారు చేసుకోవాలో, ఎవరికి ఇవ్వాలో ఇక్కడ క్రమంగా వివరిస్తున్నాను. ప్రధానంగా తెలంగాణ పట్టణాలను దృష్టిలో పెట్టుకుని రాసినా, ఆంధ్రప్రదేశ్‌లో తేడా ఉన్న చోట ఆ విషయం చెబుతాను.

ముందుగా ఫైలు ఎవరి దగ్గర ఉందో తెలుసుకోండి

ఊళ్లో కట్టడం అనగానే మున్సిపల్ కమిషనర్ గది ముందు నిలబడడం మనకు అలవాటు. కాని ఒక్కో నిర్ణయానికి ఒక్కో కార్యాలయం బాధ్యత వహిస్తుంది. మామూలు ఇళ్ల, చిన్న అపార్ట్‌మెంట్ల అనుమతి మున్సిపాలిటీ లేదా కార్పొరేషన్ టౌన్ ప్లానింగ్ విభాగం చూస్తుంది. లేఅవుట్లు, పెద్ద భవనాల ఫైళ్లలో ప్రాంతాన్ని బట్టి హెచ్ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), డీటీసీపీ (పట్టణ, గ్రామీణ ప్రణాళిక డైరెక్టరేట్), ఆంధ్రప్రదేశ్‌లో అయితే సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంతం), వీఎంఆర్‌డీఏ (విశాఖ ప్రాంతం) వంటి సంస్థల పాత్ర ఉంటుంది. భూ వినియోగ మార్పిడికి కింది కార్యాలయాల నుంచి నివేదిక వెళ్లినా, తుది ఉత్తర్వు పురపాలక శాఖ నుంచి జీవోగా వస్తుంది. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు నిలిచే మట్టం) హద్దులు నీటిపారుదల, రెవెన్యూ శాఖల రికార్డులను బట్టి తేలుతాయి.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తును పొరపాటున వేరే కార్యాలయానికి ఇచ్చినా, సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే 5 రోజుల్లో సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయాలి. అభ్యంతర పత్రానికి అలాంటి వెసులుబాటు లేదు; నోటిఫికేషన్‌లో ఏ అధికారి పేరున ఇవ్వమన్నారో ఆ అధికారికే, ఆ గడువులోగానే చేరాలి. అందుకే ముసాయిదా కన్నా ముందు నోటిఫికేషన్ ప్రతిని సంపాదించి, గడువు తేదీని ఎర్ర సిరాతో రాసి పెట్టుకోండి. మాస్టర్ ప్లాన్ ముసాయిదాకు కామారెడ్డిలో ఇచ్చినట్టు రెండు నెలల వ్యవధి దొరకవచ్చు గాని, ఒక సర్వే నంబరుకు భూ వినియోగం మార్చే నోటిఫికేషన్‌లో సాధారణంగా 15 రోజులే ఇస్తారు. అది దినపత్రికలో, చిన్న అక్షరాల్లో, నాలుగు హద్దుల వివరంతో వస్తుంది. ‘కన్జర్వేషన్ యూజ్ జోన్ నుంచి రెసిడెన్షియల్ యూజ్ జోన్‌కు’ అన్న తరహా వాక్యం, దాని కింద ఉత్తరాన ఏ సర్వే నంబరు, తూర్పున ఎన్ని అడుగుల రోడ్డు అన్న వివరం కనిపిస్తే అది మీ ప్రాంతానిదేమో సరిచూసుకోండి. కాలనీలో ఒకరిద్దరు ఈ ప్రకటనలు చూసే పని పెట్టుకుంటే మిగతా వారికి ఆ భారం ఉండదు.

ముసాయిదాను చదివే పద్ధతి

ముసాయిదా అంటే గోడకు తగిలించిన రంగుల పటం ఒక్కటే కాదు. కార్యాలయంలో నాలుగు కాగితాలు అడగాలి: ప్రస్తుత భూ వినియోగ పటం, ప్రతిపాదిత భూ వినియోగ పటం, ప్లాన్ నివేదిక, జోనింగ్ నిబంధనలు. చాలా మంది రెండోది మాత్రమే చూసి వెనుదిరుగుతారు. నిజానికి బలమైన అభ్యంతరం ఎక్కువగా మొదటి పటంలో దొరుకుతుంది. కన్సల్టెంట్లు ఉపగ్రహ చిత్రాల మీద గీసిన ప్రస్తుత వినియోగ పటంలో ఏటా రెండు పంటలు పండే పొలాన్ని ఖాళీ భూమిగానో, ఇరవై ఇళ్ల వాడను పొలంగానో చూపిన సందర్భాలు ఉంటాయి. ప్రతిపాదన నచ్చలేదనడం అభిప్రాయం కిందికి వస్తుంది. ఉన్న వాస్తవాన్ని తప్పుగా నమోదు చేశారని చూపితే మాత్రం అధికారి దానికి సమాధానం చెప్పక తప్పదు.

పటం మీద మీ స్థలాన్ని గుర్తించడమే అసలైన శ్రమ. పీడీఎఫ్‌ను ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో తెరిచి, బాగా పెద్దది చేసి, ముందుగా కదలని గుర్తులను పట్టుకోండి: రైల్వే లైను, చెరువు కట్ట, జాతీయ రహదారి, పాత గుడి. తరువాత గ్రామ నక్షాను పక్కన పెట్టుకుని ఆ గుర్తుల నుంచి మీ సర్వే నంబరు ఎటువైపు, ఎంత దూరంలో ఉందో లెక్కించండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే సర్వే నంబరుకు విడిగా ఎఫ్ఎంబీ (కొలతలతో ఉన్న పొలం పటం) నకలు దొరుకుతుంది కనుక పని కొంత సులువు. నక్షాలో రెండు గీతలుగా కనిపించే పాత బండ్ల బాటలను ప్రత్యేకంగా గమనించండి. కొత్త రోడ్డును ఆ బాట వెంట వేయకుండా పొలాల మధ్య నుంచి ఎందుకు తీసుకువెళ్లారన్న ప్రశ్న, తరచుగా మీ అభ్యంతరంలో అన్నిటికన్నా పదునైన వాక్యం అవుతుంది.

రంగుల విషయానికి వస్తే, సాధారణంగా నివాస ప్రాంతానికి పసుపు, వాణిజ్యానికి నీలం, పరిశ్రమలకు ఊదా, పార్కులకు ఆకుపచ్చ వాడతారు. అయినా పటం మూలన ఉన్న సూచికను చూడకుండా ఏ నిర్ణయానికీ రావద్దు. హైదరాబాద్ చుట్టుపక్కల 2013లో ఆమోదం పొందిన 2031 మాస్టర్ ప్లాన్‌లో కన్జర్వేషన్, పెరి అర్బన్, మల్టిపుల్ యూజ్ వంటి జోన్లు కూడా ఉన్నాయి. ఆ జోన్‌లో ఏది కట్టవచ్చు, ఏది కట్టకూడదు అన్నది పటం చెప్పదు, జోనింగ్ నిబంధనలే చెబుతాయి. ఆకుపచ్చ రంగు చూసి సంతోషించిన భూయజమానికి, అది రిక్రియేషన్ జోన్ అని, అందులో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి దొరకదని తరువాత తెలిసే ప్రమాదం ఉంది.

చెరువు, కుంట, నాలా దగ్గర స్థలం ఉన్నవారు బఫర్‌ను, అంటే హద్దు నుంచి కట్టడాలు లేకుండా వదలాల్సిన మేరను కూడా పరిశీలించాలి. 2012 నాటి 168 నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువు కుంటలకు 9 మీటర్లు, 10 మీటర్లు దాటిన వెడల్పున్న వాగు లేదా నాలాకు 9 మీటర్లు, అంతకన్నా సన్నని దానికి 2 మీటర్లు వదలాలి. ఆ జీవో తెలంగాణలో కొనసాగుతుండగా, ఆంధ్రప్రదేశ్ 2017లో 119 నంబరు జీవోతో సొంత భవన నిబంధనలు తెచ్చుకుంది. హెచ్ఎండీఏ తన పరిధిలోని చెరువుల ఎఫ్‌టీఎల్ పటాలను ఆన్‌లైన్‌లో ఉంచింది. అందులో ప్రాథమిక నోటిఫికేషన్ దశలో ఉన్నవి, తుది నోటిఫికేషన్ అయినవి వేర్వేరు. ప్రాథమిక దశలో ఉన్నదానికి అభ్యంతరం చెప్పే అవకాశం ఇంకా మిగిలి ఉంటుంది.

అభ్యంతర పత్రం రాయడం

అభ్యంతరం చెప్పడానికి మీరు ఆ భూమికి యజమాని కానక్కరలేదు. ఆ దారిన నడిచేవారు, ఆ చెరువు నీటిపై ఆధారపడినవారు, పక్క కాలనీ వారు కూడా రాయవచ్చు. యజమాని అయితే మాత్రం పాస్‌బుక్ లేదా దస్తావేజు నకలు జతచేయాలి. ఊరంతా ఒకే జిరాక్స్ నమూనాపై సంతకాలు చేసి ఇచ్చే అలవాటు మనకుంది. దానివల్ల సంఖ్య కనిపిస్తుంది గాని, పరిశీలనలో అవన్నీ ‘ఒకే అభ్యంతరం’గా లెక్కకు వచ్చి ఒకే వాక్యంలో సమాధానం పొందుతాయి. కాబట్టి కాలనీ లేదా గ్రామం పేరున ఒక సమష్టి పత్రం ఇవ్వండి, ఎవరి సర్వే నంబరుకు వారు విడిగా మరొకటి ఇవ్వండి.

పత్రం ఒకటిన్నర పేజీ దాటవలసిన అవసరం లేదు. రాయదగిన తీరు ఇది. నంబర్లు ఉదాహరణకు మాత్రమే.

‘కమిషనర్ గారికి. విషయం: ముసాయిదా మాస్టర్ ప్లాన్‌పై అభ్యంతరం, సర్వే నం. 214/అ, విస్తీర్ణం 1 ఎకరం 12 గుంటలు. సూచిక: తేదీ … నాటి మీ నోటిఫికేషన్. ప్రతిపాదిత భూ వినియోగ పటంలో పై సర్వే నంబరు మధ్య నుంచి 60 అడుగుల రోడ్డు చూపబడినది. ప్రస్తుత భూ వినియోగ పటంలో ఈ భూమిని ఖాళీ స్థలంగా నమోదు చేసినారు; వాస్తవానికి ఇది బోరు బావి కింద సాగులో ఉన్న భూమి, ఫొటోలు, పాస్‌బుక్ నకలు జతపరచినాము. ఈ భూమికి తూర్పున గ్రామ నక్షాలో బండ్ల బాట ఉన్నది. రోడ్డును ఆ బాట వెంట మార్చితే పట్టా భూమి నష్టం తగ్గును, రోడ్డు ఉద్దేశము నెరవేరును. కావున ప్రస్తుత వినియోగ నమోదును సరిదిద్దవలెననియు, రోడ్డు అలైన్‌మెంట్‌ను మార్చవలెననియు, విచారణలో స్వయంగా చెప్పుకొనుటకు మాకు అవకాశం ఇచ్చి, తీసుకున్న నిర్ణయమును కారణములతో సహా లిఖితపూర్వకముగా తెలుపవలెననియు కోరుచున్నాము.’

ఇందులో చివరి కోరిక ముఖ్యమైనది. విచారణ, లిఖిత సమాధానం ముందే అడిగి ఉంటే, అవి ఇవ్వకుండా ప్లాన్ ఖరారు చేసినప్పుడు హైకోర్టులో ఆర్టికల్ 226 కింద వేసే రిట్ పిటిషన్‌లో మీ న్యాయవాది మొదట చూపించేది ఆ వాక్యాన్నే. ప్రత్యామ్నాయం చూపించడం కూడా అంతే అవసరం. ‘మా ఊరికి ఏ రోడ్డూ వద్దు’ అన్న పత్రాన్ని పక్కన పెట్టడం ఏ అధికారికైనా తేలిక.

రాజకీయ నాయకుల పేర్లు, లంచం ఆరోపణలు, శాపనార్థాలు పత్రంలోకి రానివ్వకండి. అవి నిజమే అయినా వాటికి వేరే వేదికలున్నాయి. ఇక్కడ అవి ఉంటే అసలు విషయం మరుగున పడుతుంది.

రాతపూర్వక అభ్యంతరానికి ఎంత విలువ ఉంటుందో అమరావతి ప్రాంత రైతులను అడిగితే తెలుస్తుంది. 2015 నాటి భూసమీకరణ నిబంధనల్లో అంగీకారానికి 9.3 ఫారం, అభ్యంతరానికి 9.2 ఫారం ఉండేవి. 34 వేల ఎకరాలకు పైగా సమీకరణలోకి వెళ్లిన ఆ సమయంలో, ఉండవల్లి, పెనుమాక వంటి గ్రామాల్లో ‘మేం 9.2 ఇచ్చాం’ అన్న మాట వినిపించేది. అది అభిప్రాయం చెప్పిన మాట కాదు, తమ కాగితం ప్రభుత్వ రికార్డులో ఉందని చెప్పిన మాట.

ఇచ్చాక ఏం చేయాలి

పత్రం రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకటి ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, రెండో దానిపై ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ‘సార్ లేరు, రేపు రండి’ అంటే వాదించకుండా అదే రోజు రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. ఈమెయిల్, వాట్సాప్ అదనపు ప్రతులే గాని వాటి మీదే ఆధారపడరాదు. సోమవారం ప్రజావాణిలో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే అదే రోజు జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో కూడా ఒక ప్రతి ఇస్తే కలెక్టర్ కార్యాలయం నుంచి మరో నంబరు పడుతుంది, ఆ నంబరు మీద కింది కార్యాలయం జవాబు పంపవలసి వస్తుంది.

ఆపైన కౌన్సిల్ మీద దృష్టి పెట్టాలి. మీ వార్డు కౌన్సిలర్‌కు పత్రం ప్రతి ఇచ్చి, ఆ అంశం ఏ సమావేశం అజెండాలో వస్తుందో అడగండి. అజెండా సభ్యులకు ముందుగా అందుతుంది కాబట్టి అడిగితే చూపించగలరు. ముందు పంచిన అజెండాలో లేని అంశాన్ని సమావేశం రోజున ‘టేబుల్ అజెండా’ పేరుతో పెట్టి, చర్చ లేకుండా ఆమోదించే అలవాటు చాలా చోట్ల ఉంది. మీ అంశం అలా వస్తే చర్చ కోరాలని, వీలుకాకపోతే తన అసమ్మతిని మినిట్స్‌లో (సమావేశం నమోదు పుస్తకంలో) రాయించాలని కౌన్సిలర్‌ను ముందే ఒప్పించండి. ‘నేను వ్యతిరేకించాను’ అని బయట చెప్పే సభ్యుడి పేరు మినిట్స్‌లో కనిపించకపోతే ఆ మాటకు విలువ లేదు. పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేకాధికారి పాలన నడుస్తున్నప్పుడు అడిగే సభ్యులే ఉండరు కనుక, పత్రాలు, సమాచార హక్కు దరఖాస్తులు మరింత శ్రద్ధగా నడపాలి.

తెలంగాణ పురపాలక చట్టం, 2019 ప్రకారం ప్రతి వార్డులోనూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులతో 15 మంది చొప్పున నాలుగు వార్డు కమిటీలు ఉండాలి. చాలా మందికి తమ వార్డులో ఆ కమిటీలు ఉన్నట్టే తెలియదు. సభ్యుల జాబితా, చివరి సమావేశం మినిట్స్ అడగండి. కమిటీ నిజంగా కూర్చుంటుంటే మీ అంశం అక్కడ తీర్మానంగా రావచ్చు, కూర్చోకపోతే ఆ సంగతి కాగితం మీద బయటపడుతుంది.

సమాచార హక్కు దరఖాస్తు: ‘ఎందుకు’ అని అడగకండి

సమాచార హక్కు చట్టం, 2005 కింద సమాచారం అంటే కార్యాలయంలో ఉన్న రికార్డు. ‘ఆ అపార్ట్‌మెంట్‌కు అనుమతి ఎందుకు ఇచ్చారు?’ అని అడిగితే, అది సమాచార పరిధిలోకి రాదన్న ఒక్క వాక్యంతో దరఖాస్తు ముగుస్తుంది. అదే విషయాన్ని రికార్డుగా మార్చి ఇలా అడగాలి:

1. ఫలానా డోర్ నంబరు లేదా సర్వే నంబరులో భవనానికి మంజూరైన అనుమతి ఉత్తర్వు, ఆమోదిత ప్లాన్ ధ్రువీకృత ప్రతులు.
2. ఆ ఫైలులోని నోట్ ఫైలు ప్రతి, స్థల తనిఖీ నివేదికలు.
3. ఆ భవనంపై ఇచ్చిన షోకాజ్ నోటీసులు, వాటిపై తీసుకున్న చర్య తేదీలతో.
4. ఆ స్థలం ముందున్న రోడ్డుకు రికార్డుల్లో ఉన్న వెడల్పు, అందుకు ఆధారమైన పత్రం.
5. సెక్షన్ 2(జె) కింద పై ఫైలును స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం.

అయిదో అంశాన్ని వదలకండి. నకలు కాపీలో కనిపించని కాగితం ఫైలు తిరగేస్తే కనిపిస్తుంది. అభ్యంతరాలపై ఎవరు ఏం రాశారు, ఫైలు ఏ తేదీన ఏ బల్ల నుంచి కదిలింది అన్నది నోట్ ఫైలు పేజీల్లో ఉంటుంది. 2005లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన ఫీజు నియమాల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపై వాటికి 10 రూపాయలు. ఏ4 పేజీకి 2 రూపాయలు. పరిశీలనకు మొదటి గంట ఉచితం, ఆపైన ప్రతి 15 నిమిషాలకు 5 రూపాయలు. పోస్టల్ ఆర్డర్ లేదా కోర్టు ఫీజు స్టాంపుతో చెల్లించవచ్చు.

పౌర సమాచార అధికారి 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఇవ్వకపోతే లేదా అసంపూర్తిగా ఇస్తే, 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవాలి. తప్పు చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా వేసే అధికారం కమిషన్‌కే ఉంది. కాని తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా కమిషనర్లే లేకుండా ఉండిన చరిత్ర చూస్తే, అంతా రెండో అప్పీలులో తేల్చుకుందామనుకోవడం తెలివైన పని కాదు. మొదటి అప్పీలునే ఏ అంశానికి ఏం రాలేదో విడివిడిగా చూపుతూ గట్టిగా రాయండి.

ప్లాన్ అడిగినప్పుడు ‘అది మూడో వ్యక్తి వ్యక్తిగత సమాచారం’ అన్న జవాబు ఎక్కువగా ఎదురవుతుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ద్వారా, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే సెక్షన్ 8(1)(జె)ని సవరించాక ఈ జవాబు ఇవ్వడం ఇంకా సులభమైంది. అయినా ప్రజా ప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చనే సెక్షన్ 8(2), ఇవ్వకూడని భాగాన్ని తొలగించి మిగతాది ఇవ్వాలనే సెక్షన్ 10 అలాగే ఉన్నాయి. యజమాని ఫోన్ నంబరు, ఆధార్ మాకు అక్కరలేదని, సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ), అంతస్తులు, రోడ్డు వెడల్పు మాత్రమే కావాలని దరఖాస్తులోనే రాస్తే ఆ జవాబుకు బలం తగ్గుతుంది.

ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. దరఖాస్తు పెట్టి, బిల్డర్‌ను బెదిరించి డబ్బు వసూలు చేసి, ఆ తర్వాత మౌనం వహించేవాళ్లు కొన్ని పట్టణాల్లో తయారయ్యారు. ఆ ముద్ర మీ మీద పడకూడదంటే కాలనీ సంక్షేమ సంఘం సమావేశంలో తీర్మానం రాసుకుని, ఇద్దరు ముగ్గురి పేర్లతో వేర్వేరు దరఖాస్తులు పెట్టండి. ఒంటరిగా ముందు నిలబడే మనిషికి బెదిరింపులు తగ్గించే మార్గం కూడా ఇదే.

లేఅవుట్‌లో పార్కు స్థలం

ఆమోదం పొందిన లేఅవుట్‌లో రోడ్లతో పాటు కనీసం 10 శాతం ఖాళీ స్థలాన్ని గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు రాసి ఇవ్వాలి. కాబట్టి ‘పార్కు స్థలంలో ప్లాట్లు అమ్ముతున్నారు’ అన్న అనుమానం వస్తే, ఆమోదిత లేఅవుట్ ప్రతి, గిఫ్ట్ డీడ్ దస్తావేజు నంబరు మున్సిపాలిటీ నుంచి తీసుకుని, ఆ నంబరుతో సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ధ్రువీకృత నకలు, ఈసీ (ఆ ఆస్తిపై నమోదైన లావాదేవీల పత్రం) తీయించండి. గిఫ్ట్ డీడ్ జరిగినా అదే స్థలంపై తరువాత అమ్మకం నమోదై ఉంటే, అది ఈసీలో పట్టుబడుతుంది. అసలు గిఫ్ట్ డీడే జరగకపోతే, ఆ లేఅవుట్‌కు తుది ఆమోదం ఎలా వచ్చిందన్నది మీ తదుపరి దరఖాస్తు. హైదరాబాద్‌లో ఇలాంటి ఆక్రమణలపై 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థకు కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఏ వేదికకు వెళ్లినా లేఅవుట్ ప్రతి లేకుండా వెళ్లినవారి మాట ముందుకు సాగదు.

మీ వీధిలో అపార్ట్‌మెంట్

పునాది తవ్వుతున్నప్పుడే మొదలుపెట్టండి. స్లాబులు పడ్డాక ఏ అధికారికైనా చర్య తీసుకోవడానికి చేయి రాదు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, నిర్మాణం సాగినంత కాలం ఆమోదిత ప్లాన్ ప్రతిని స్థలం దగ్గర ప్రదర్శించాలని, అధికారులు ఎప్పటికప్పుడు తనిఖీ చేయాలని, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (భవనంలో నివాసానికి అనుమతి పత్రం) వచ్చాకే కొనుగోలుదారులకు స్వాధీనం చేయాలని ఆదేశించింది. కాబట్టి అక్కడ బోర్డు లేకపోవడమే మీ మొదటి ఫిర్యాదు కావచ్చు. బోర్డు ఉంటే ఫొటో తీసి, అనుమతి నంబరును ఆన్‌లైన్‌లో సరిచూడండి; తెలంగాణలో టీజీ-బీపాస్, బిల్డ్‌నౌ, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీడీపీఎంఎస్ ఇందుకు ఉన్నాయి.

టీఎస్-బీపాస్ (ఇప్పుడు టీజీ-బీపాస్) చట్టం, 2020 ప్రకారం 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇంటికి అనుమతి అవసరం లేదు, నమోదు చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. దానిని మించిన వాటికి 21 రోజుల గడువులో సింగిల్ విండో. స్వీయ ధ్రువీకరణ అంటే యజమాని రాసిందే నమ్మి అనుమతి ఇవ్వడం కాబట్టి, అక్కడ అబద్ధం రాశారా అని చూసే కళ్లు పక్కింటివారివే అవుతాయి. 30 అడుగుల రోడ్డు అని రాసిన చోట టేపు పెడితే 22 అడుగులే ఉండవచ్చు. ఇద్దరు సాక్షుల ముందు, తేదీ కనిపించే ఫొటోతో, రోడ్డు వెడల్పు, మీ ప్రహరీ గోడ నుంచి వాళ్ల పిల్లర్ దాకా దూరం, అంతస్తుల సంఖ్య కొలిచి, ఆమోదిత ప్లాన్‌లోని అంకెల పక్కన రాయండి. ‘అక్రమ నిర్మాణం’ అన్న మాట కన్నా ‘ప్లాన్‌లో 2 మీటర్లు, స్థలంలో 0.6 మీటర్లు’ అన్న వరుసే ఫైలును కదిలిస్తుంది.

ఫిర్యాదు ఇచ్చిన మర్నాడే కూల్చివేత జరుగుతుందని ఆశించకండి. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు కూల్చివేతకు ముందు 15 రోజుల షోకాజ్ నోటీసు తప్పనిసరి చేసింది. రోడ్డు, ఫుట్‌పాత్, జలవనరుల వంటి బహిరంగ స్థలాల్లోని ఆక్రమణలకు, కోర్టే కూల్చమని ఆదేశించిన వాటికి మాత్రమే మినహాయింపు ఇచ్చింది. అందువల్ల మీరు అడగవలసింది నోటీసు ఇచ్చారా, దానికి జవాబు వచ్చిందా, తదుపరి ఉత్తర్వు ఏమిటి అన్న మూడు కాగితాలు.

స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు 8 దాటినా ఆ ప్రాజెక్టు రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు కావాలి. అక్కడ ఆమోదిత ప్లాన్ అప్‌లోడ్ చేసి ఉంటుంది, మున్సిపాలిటీ ఇవ్వనన్న ప్రతి కొన్నిసార్లు రెరా వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. 20,000 చదరపు మీటర్ల నిర్మిత విస్తీర్ణం దాటితే పర్యావరణ అనుమతి కావాలి. భవన నిర్మాణ ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఉంది కనుక మిమ్మల్ని పిలిచి ఎవరూ అడగరు. కాని అనుమతి పత్రం, నీటి వనరు, మురుగునీటి శుద్ధి గురించిన షరతులు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో చూడవచ్చు. ఆ అనుమతిపై జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. తెలుగు రాష్ట్రాల కేసులు చెన్నై బెంచి చూస్తుంది.

చివరి అవకాశం చాలామంది గమనించని చోట ఉంది. 168 నంబరు జీవో కింద అనుమతి ఇచ్చేటప్పుడే నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని యజమాని నోటరీ అఫిడవిట్‌తో మున్సిపాలిటీకి అప్పగిస్తాడు. ప్లాన్ ప్రకారం కట్టినట్టు తేలి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాకే ఆ భాగం విడుదల అవుతుంది. కాబట్టి కట్టడం పూర్తవుతున్న దశలో, మీ కొలతల పట్టికను, పాత ఫిర్యాదుల ఇన్‌వర్డ్ నంబర్లను జతచేసి, ‘ఈ భవనం ఆక్యుపెన్సీ దరఖాస్తు పరిశీలించేటప్పుడు మా అభ్యంతరాలను ఫైలులో ఉంచి, ఉమ్మడి తనిఖీకి మమ్మల్ని పిలువవలెను’ అని ఒక పత్రం ఇవ్వండి. దాని ప్రతిని ఆ భవనానికి రుణాలిస్తున్న బ్యాంకు శాఖకు కూడా పంపండి. పైన చెప్పిన డిసెంబరు తీర్పు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే రుణం మంజూరు చేయాలని బ్యాంకులకు కూడా చెప్పింది.